సన్నిబాబు ఒప్పుకున్న తప్పు

2022 వానాకాలం. అనకాపల్లి జిల్లా కేంద్రమై ఇంకా ఏడాది నిండలేదు. ఏ ఆఫీసు ఎక్కడ పెడతారు, ఇంటద్దెలు ఎంత పెరుగుతాయి అని ఊరంతా అదే మాట. మా కాలేజీ బైపాస్‌కు దగ్గర్లో ఉన్న రెండంతస్తుల మేడ. కింద డిగ్రీ వాళ్ళు, పైన మేము. మేము అంటే డిప్లొమా ఇన్ బిజినెస్ మేనేజ్‌మెంట్, రెండేళ్ళ కోర్సు. ఇంజనీరింగ్ సీటు రానివాళ్ళు, తొందరగా ఉద్యోగంలో చేరి ఇంటికి ఆసరా కావాలనుకునేవాళ్ళు ఇందులో చేరతారు. చెరుకు రైతుల పిల్లలు ఎక్కువ, పూడిమడక వైపు నుంచి వేటకెళ్ళే ఇళ్ళ పిల్లలు కొందరు. మేనేజ్‌మెంట్ అంటే ఏసీ గదిలో కూర్చుని పక్కవాడికి పని పురమాయించడం అనుకుని వస్తారు. మొదటి నెలలోనే నాచేత చీవాట్లు తిని దారిలో పడతారు.

నేను చెప్పేది హెచ్చార్, అంటే మనిషిని ఉద్యోగంలోకి తీసుకోవడం దగ్గర్నుంచి సాగనంపడం దాకా ఉన్న వ్యవహారం. పాఠాలు చెప్పకముందు చాలాకాలం ఒక మిల్లులో పర్సనెల్ డిపార్ట్‌మెంటులో పనిచేశాను కాబట్టి పుస్తకంలో లేనివి కూడా చెబుతుంటాను. నాకు నోరు కాస్త దురుసు. పిల్లలు వెనకాల ఏమనుకుంటారో నాకు తెలుసు, పట్టించుకోను.

ఈ సబ్జెక్టులో డొమెస్టిక్ ఎంక్వైరీ అని ఒక పాఠం ఉంది. కార్మికుడి మీద ఏదైనా ఆరోపణ వస్తే కంపెనీ అతన్ని ఊరికే తీసెయ్యడానికి వీల్లేదు. ముందు చార్జిషీట్ ఇవ్వాలి, అంటే నువ్వు ఫలానా తప్పు చేశావని రాసి చేతికివ్వాలి. తర్వాత గదిలో కూర్చోబెట్టి విచారణ జరపాలి. విచారించే మనిషి ఎంక్వైరీ ఆఫీసర్. అక్కడ ఎవరేం మాట్లాడారో రాసేవి ప్రొసీడింగ్స్. ఈ పాఠాన్ని క్లాసులో నాటకంలా ఆడిస్తాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎంక్వైరీ ఆఫీసర్ వేషానికి కొట్టుకు చస్తారు. కార్మికుడి వేషం వెయ్యమంటే ఒక్కడూ లేవడు.

ఆ బ్యాచ్‌లో లేచింది నూకరత్నం. కొండకర్ల దగ్గర పల్లెటూరు, తండ్రికి కొంచెం చెరుకు, కొంచెం వరి. మాట తక్కువ, చూపు ఎక్కువ. మా కోర్సులో ఆఖరి సెమిస్టర్ అంతా ఇంటర్న్‌షిప్. ఏదైనా కంపెనీలో పని నేర్చుకుంటూ ప్రాజెక్ట్ రిపోర్ట్ రాయాలి. కంపెనీ వాళ్ళు సర్టిఫికెట్ ఇస్తేనే డిప్లొమా చేతికొస్తుంది. రత్నానికి అచ్యుతాపురం వైపు ఒక కంపెనీలో హెచ్చార్ విభాగంలో చోటు దొరికింది. బాగా చేస్తే అక్కడే ఉద్యోగం ఇస్తామని కూడా అన్నారు. ఇంట్లో అందరికంటే ముందు చదువుకున్న పిల్ల, ఆ మాటకు వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చి చేతులు పట్టుకుంది.

ఆగస్టులో ఒక శనివారం మధ్యాహ్నం స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర రత్నం నిలబడి ఉంది. అన్నం తిన్నావా అంటే తల ఊపింది గాని తిననట్టే ఉంది. కూర్చోమన్నాను.

“మేడమ్, ఒక మనిషి ఉద్యోగం నా చేతిమీదుగా పోతందేమోనని బయంగా ఉంది” అంది.

నెమ్మదిగా విషయం చెప్పింది. కంపెనీ గోడౌన్లో సన్నిబాబు అని ఒక హెల్పర్. ఉప్మాక దగ్గర ఊరు, నలభై దాటిన మనిషి, మొదట్నుంచీ అదే కంపెనీలో ఉన్నాడు. ఒక సాయంత్రం అతను డ్యూటీ దిగి వెళ్ళాక పెద్ద వాన పడింది. గోడౌన్ షట్టర్ సగం తెరిచే ఉండిపోయింది. ఎగుమతికి సిద్ధంగా పెట్టిన అట్టపెట్టెలన్నీ తడిసి పిండయిపోయాయి. షట్టర్ వెయ్యకుండా నిర్లక్ష్యంగా వెళ్ళిపోయాడని సన్నిబాబు మీద చార్జిషీట్ వేశారు. విశాఖపట్నం నుంచి ఒక లాయరు ఎంక్వైరీ ఆఫీసర్‌గా వచ్చాడు. కంప్యూటర్ ముందు కూర్చుని ప్రొసీడింగ్స్ టైప్ చేసే పని రత్నానికి అప్పగించారు.

“ఇంగ్లీషు చార్జిషీట్‌ని తెలుగులో గబగబా చదివీసి ఒప్పుకుంటున్నావా అని అడిగేరు మేడమ్. సన్నిబాబు బాబాయ్ లేచి నిలబడి, తువ్వాలు నడుముకి చుట్టి, రెండు చేతులూ జోడించీసి ‘తప్పయిపోనాది బాబూ, పెద్దోరు మీరే సూసుకోవాల’ అన్నాడు. అంతే. ఒప్పుకున్నాడు, రాసుకో అన్నారు. ఎంక్వైరీ అయిపోయింది. టీ రాకముందే అయిపోయింది.”

“నువ్వేం రాశావు?”

“ఆయన అన్న మాట అన్నట్టే తెలుగులో కొట్టేను. మేనేజర్ సార్ చూసి, ఇదేటి సినిమా డైలాగు, ‘చార్జ్ అంగీకరించాడు’ అని రాయి అన్నారు. సోమవారం సంతకం పెట్టిస్తారట. అది పెడితే ఉద్యోగం నుంచి తీసేస్తారు. మేడమ్, మా ఊళ్ళో తగువయినప్పుడు మా నాన్న కూడా పెద్దమనుషుల ముందు మొదట అదే మాటంటాడు. తప్పున్నా లేకపోయినా అంటాడు. అలా అంటేనే మిగతా మాట మొదలవుద్ది.”

ఆ మాట నాకు కొత్త కాదు. మా అమ్మగారి ఊరూ ఇక్కడికి దగ్గరే. తగువులో పెద్దమనుషులు కూర్చోగానే తువ్వాలు నడుముకు చుట్టి, తప్పయిపోయింది అని దణ్ణం పెట్టినవాడి మీద పెద్దలు మెత్తబడతారు. అప్పుడు కూర్చోబెట్టి, సరే జరిగింది చెప్పరా అంటారు. అసలు సంగతి అప్పుడు బయటికొస్తుంది. కాదు, నేను చెయ్యలేదు అని మొదటే నిలబడ్డవాణ్ణి పొగరుబోతు అంటారు. సన్నిబాబు కంపెనీ ఎంక్వైరీకి ఆ మర్యాదతోనే వెళ్ళాడు. అక్కడి పెద్దలకు ఆ మొదటి మాట తర్వాత రెండో మాట అడగాలని తెలియదు.

“అసలు షట్టర్ ఎందుకు వెయ్యలేదు?” అన్నాను.

“షట్టర్ మోటర్ పాడయి అప్పటికే మూడు రోజులయింది మేడమ్. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన చెప్పేడు నాకు. బాబాయ్ షిఫ్ట్ ఇన్‌చార్జికి చెప్పేడంట కూడా. ఆ ఇన్‌చార్జి ఎంక్వైరీలో ఆ పక్క కుర్చీలోనే ఉన్నాడు. నోరు విప్పనేదు.”

నాకు ఒళ్ళు మండింది. ఒప్పుకోలు చెల్లాలంటే కార్మికుడికి ఆరోపణ అతని భాషలో అర్థం కావాలి, దాని ఫలితం ఏమిటో తెలియాలి, తోటి కార్మికుణ్ణి సాయంగా తెచ్చుకోవచ్చని చెప్పాలి. ఒప్పుకోలులో ఏ అనుమానానికీ తావుండకూడదు. ఇవన్నీ నేను బోర్డు మీద రాసి, పరీక్షల్లో అడిగి, మార్కులు వేసే విషయాలే. ఆ పిల్ల చెప్పినదాంట్లో ఒక్కటీ జరగలేదు.

“సోమవారం నేనొస్తాను. నువ్వు మాత్రం అక్షరం మార్చకు” అన్నాను.

“నా సర్టిఫికెట్ ఆపేత్తే?”

“ఆపితే అప్పుడు చూద్దాం. నాకు నోరుంది కదా.”

ఆ పిల్ల నవ్వలేదు. నేను కూడా ధైర్యానికి అన్నదే గాని, ఆపితే ఏం చెయ్యగలనో నాకే తెలియదు.

ఇంటర్న్‌షిప్‌లో ఉన్న పిల్లల్ని ఫ్యాకల్టీ గైడ్ వెళ్ళి చూసిరావాలని మా రూలు. ఆ రూలు పట్టుకుని సోమవారం ఉదయం కంపెనీకి వెళ్ళాను. హెచ్చార్ మేనేజర్ శశిధర్, ముప్పై దాటని కుర్రాడు, హైదరాబాద్ మనిషి. చెడ్డవాడు కాదు. కాఫీ తెప్పించాడు, రత్నం బాగా పనిచేస్తోందన్నాడు. తర్వాత తనే ఆ సంగతి ఎత్తాడు.

“మీ అమ్మాయి కొంచెం మొండి మేడమ్. ఒక్క లైను మార్చమంటే మార్చలేదు.”

“ఏ లైను?”

“అతను ఐదుగురి ముందు ఒప్పుకున్నాడు మేడమ్. నేను బెదిరించలేదు, అరవలేదు. దణ్ణం పెట్టి మరీ ఒప్పుకున్నాడు. ఇంకేం కావాలి?”

“ఏం ఒప్పుకున్నాడో అడిగారా శశిధర్ గారూ?”

అతనికి అర్థం కాలేదు. తువ్వాలు నడుముకు చుట్టడం గురించి చెప్పాను. మా పక్క తగువుల్లో మొదటి మాట ఏమిటో, రెండో మాట ఏమిటో చెప్పాను. చార్జిషీట్ ఇంగ్లీషులో ఇచ్చి తెలుగులో గబగబా చదివేస్తే లేబర్ కోర్టులో ఏమవుతుందో కూడా చెప్పాను. ఆ కోర్టు మాటే అతనికి ఎక్కువ ఎక్కిందనుకుంటాను. చివరికి షట్టర్ మోటర్ పాడై ఉన్న సంగతి ఎత్తాను.

“షట్టర్ మోటర్ సంగతి నాకెవరూ చెప్పలేదు మేడమ్. నిజంగా చెప్పలేదు” అన్నాడు. ఆ మాటలో భయం ఉంది, నిజం కూడా ఉంది. లాయరుతో మాట్లాడి గురువారం మళ్ళీ సిట్టింగ్ పెడతానన్నాడు. తోటి కార్మికుణ్ణి తెచ్చుకోవచ్చని సన్నిబాబుకు రాసి ఇస్తానన్నాడు.

గేటు బయట టీ కొట్టు దగ్గర సన్నిబాబును రత్నం చూపించింది. సస్పెన్షన్లో ఉన్నా రోజూ వచ్చి అక్కడే కూర్చుంటున్నాడట, ఇంట్లో కూర్చుంటే పిల్లలు అడుగుతారని. సన్నటి మనిషి, నిద్ర లేని కళ్ళు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కూర్చో బాబూ అంటే కూర్చోలేదు.

“నువ్వు ఆ మాట ఇంకోసారి అంటే ఉద్యోగం పోతుంది. తెలుసా?” అన్నాను.

“అదేటమ్మా? తప్పయిపోనాదని దండం పెట్టేను కదా. మందలించి ఒగ్గేత్తారనుకున్నాను.”

“ఇక్కడ మందలించి వదిలెయ్యరు. ఇక్కడ ఆ మాటకు అర్థం, నేనే చేశాను, నన్ను తీసెయ్యండి అని.”

అతని ముఖం చూడలేకపోయాను. చేతిలో టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు, మళ్ళీ తీశాడు. పక్కనే ఉన్న రత్నం వైపు తిరిగి, “పాపా, నిజవేనా?” అన్నాడు. అవును బాబాయ్ అంది.

“మా గుంట ఇంటర్ సదువుతందమ్మా. ఈ వొయసులో నన్నింకెవుడు తీసుకుంటాడు” అన్నాడు. మళ్ళీ తనే, “అయితే ఏటి సెప్పమంటారు? మోటర్ పాడయిందని సెప్తే ఇన్‌చార్జి బాబు మీదకెల్తాది. ఆయన ఎదురుగానే ఉంటాడు. మొకం మీద ఎలా సెప్తాను?”

“ఎవరి మీదకూ పంపకు. ఆ సాయంత్రం ఏం జరిగిందో అదే చెప్పు. అబద్ధం వద్దు, ఎవర్నీ తిట్టొద్దు. అడిగినదానికి జవాబు చెప్పు. మొదట్లో మాత్రం ఆ దణ్ణం పెట్టకు.”

“దండం ఎట్టకుండా ఎలాగమ్మా” అన్నాడు. పరాచికానికి కాదు, నిజంగానే అడిగాడు. రత్నమే చెప్పింది, “దండం ఎట్టు బాబాయ్. ఆ మాట అనకు. అంతే.”

గురువారం సిట్టింగ్‌కు నన్ను రానివ్వరు, రానివ్వకూడదు కూడా. జరిగింది రత్నం చెప్పగా విన్నదే. ఈసారి ఆరోపణను తెలుగులో నింపాదిగా చదివారు. సన్నిబాబు దణ్ణం పెట్టాడు. పెదాలు కదిలాయట, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిందట. అప్పుడు లాయరే అడిగాడు. “ఒప్పుకోవడం సంగతి తర్వాత. ఆ సాయంత్రం ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పు.”

చెప్పాడు. మోటర్ ఎప్పుడు ఆగిందీ, ఎవరికి చెప్పిందీ, చేత్తో లాగే గొలుసు తెగి ఉన్న సంగతీ, భుజం పెట్టి కిందికి లాగబోతే షట్టర్ సగంలో ఇరుక్కుపోయిన సంగతీ. చెబుతున్నంతసేపూ ఇన్‌చార్జి వైపు చూడలేదు. లాయరు ఇన్‌చార్జిని అడిగాడు. అతను బల్ల వైపు చూస్తూ, “చెప్పేడు సార్. మెకానిక్‌ని పిలుద్దామనుకుని మర్చిపోయేను” అన్నాడు. ఆ మాట చెప్పడానికి అతనికీ కష్టమే అయి ఉంటుంది, అతనికీ ఇల్లూ పిల్లలూ ఉన్నారు. అతనికి మెమో ఇచ్చారు గాని ఉద్యోగం తియ్యలేదు.

ఆరోపణ రుజువు కాలేదని రిపోర్టు వచ్చింది. సన్నిబాబును మళ్ళీ డ్యూటీలోకి తీసుకున్నారు. రత్నం సర్టిఫికెట్ ఎవరూ ఆపలేదు. శశిధర్ దానిమీద ఒక మంచి మాట కూడా రాశాడు. నాకు చెప్పలేనంత సంతోషమయింది. ఆ వారం స్టాఫ్ రూమ్‌లో ఈ కథ ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. మర్యాద కోసం అన్న మాటను నేరాంగీకారంగా రాసుకున్నారు, మా పిల్ల పట్టుకుంది అని. వచ్చే ఏడాది పాఠానికి మంచి కేస్ స్టడీ దొరికిందని కూడా అనుకున్నాను.

దసరా సెలవులకు ముందు ఒక సాయంత్రం సన్నిబాబు కాలేజీకి వచ్చాడు. ఒంటి మీద కంపెనీ యూనిఫారం. రిపోర్ట్ దిద్దించుకోవడానికి రత్నం కూడా ఆ వేళ నా దగ్గరే ఉంది. కృతజ్ఞత చెప్పడానికి వచ్చాడనుకుని, ఇంత దూరం ఎందుకొచ్చావు బాబూ, ఫోన్ చేస్తే సరిపోయేది కదా అన్నాను. కుర్చీ చూపించాను. ఈసారి కూర్చున్నాడు.

“మీ రుణం తీర్సలేనిదమ్మా. కాని ఒక మాట మీకు సెప్పకపోతే నాకు నిద్దర పట్టడం నేదు” అన్నాడు.

“చెప్పు.”

“ఆ రోజు లాయర్ బాబు అడిగినదంతా సెప్పేను. ఒక్క అబద్దం ఆడనేదు. అడగనిది సెప్పనేదు.”

రత్నం పెన్ను కింద పెట్టింది.

“నాను పొలం మనిషినమ్మా. డ్యూటీ దిగి బయటకొచ్చీసరికి సముద్రం వైపంతా మబ్బట్టీసి ఉంది. గాలి తిరిగింది. రాత్రికి గట్టిగా కొడతాదని నాకు తెలుసు. గోడౌన్ ఎనకాల టార్పాలిన్లు ఉన్నాయి. నలుగుర్ని కేకేసి ఆ పెట్టెల మీద కప్పితే పావుగంట పని. గేటు దాకా ఎల్లి ఒకసారి ఎనక్కి తిరిగి సూసేను కూడాను. అప్పుటికే బస్సు వచ్చీసింది. నా డ్యూటీ అయిపోనాది కదా, మోటర్ సంగతి సెప్పేను కదా అనీసుకుని ఎక్కేసేను. మా కల్లంలో వడ్లు ఆరబోసుకుంటే అలా ఎల్లిపోతానా అమ్మా?”

“అది నీ డ్యూటీ కాదు” అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. “కప్పించడం వాళ్ళ పని. మోటర్ బాగుచేయించడం వాళ్ళ పని. షిఫ్ట్ అయిపోయిన మనిషి వాన గురించి కూడా ఆలోచించాలని ఏ రూల్లోనూ లేదు.”

“రూల్లో నేదమ్మా. నాకు తెలుసు” అన్నాడు. గొంతు పెంచలేదు. “దానికి ఉద్యోగం తీసీమని నానూ అనను. కాని మొదట్రోజు తప్పయిపోనాదని దండం ఎట్టినప్పుడు నాను దీని గురించే అన్నానమ్మా. ఊరికే అన్నది కాదు. ఇంత తిండి పెట్టిన సోటు, కళ్ళతో సూసి ఒగ్గేసి వచ్చేనని లోపల కొరుకుతా ఉంటే అన్నాను. అది ఒట్టి మర్యాద మాటని మీరందరూ అన్నారు. నానూ అవునన్నాను. ఉద్యోగం నిలబడింది. ఆ మాట మాత్రం అబద్దం అయిపోనాది.”

రత్నం కళ్ళు తుడుచుకుంది. “బాబాయ్, దీన్ని కూడా నా రిపోర్టులో రాయమంటావా?” అంది.

అతను ఆలోచించాడు. “వొద్దు పాపా. మళ్ళా ఎవుడైనా సదివి ఇంకోలా అనుకుంటాడు. మీ ఇద్దరికీ సెప్పేను కదా. మీరు ఇన్నారు. సాలు.” లేచి దణ్ణం పెట్టాడు. నేనూ లేచి పెట్టాను.

అతను మెట్లు దిగి వెళ్ళాక రత్నం నన్ను ఒక ప్రశ్న అడిగింది. మనం చేసింది తప్పా మేడమ్ అని. కాదన్నాను. ఇప్పటికీ కాదనే అంటాను. చార్జిషీట్‌లో ఉన్న తప్పు అతను చెయ్యలేదు, చెయ్యని తప్పుకు ఉద్యోగం పోకూడదు. ఆ పని ఇంకోసారి చెయ్యాల్సి వస్తే అలాగే చేస్తాను. అయినా ఆ పిల్లకు కాదని చెప్పినప్పుడు నా గొంతు నాకే వినబడనంత మెల్లగా వచ్చింది.

రత్నం ఆ కంపెనీ ఇస్తానన్న ఉద్యోగంలోనే చేరింది. ఇప్పుడు విచారణ గదుల్లో కూర్చునే పని ఆమెకు అలవాటయింది. నేను మాత్రం ఆ కేస్ స్టడీ రాయలేదు. పాఠం చెప్పే తీరు కాస్త మార్చుకున్నాను. క్లాసులో కార్మికుడి వేషం వేసిన పిల్ల చేతులు జోడించి తప్పు నాదే అనగానే, ఎంక్వైరీ ఆఫీసర్ వేషంలో ఉన్న కుర్రాడు ఒప్పుకున్నాడని రాసుకోబోతాడు. అక్కడ ఆపుతాను. కలం కింద పెట్టమంటాను. తప్పు నాదే అన్న మనిషి అబద్ధం చెబుతున్నాడనీ అనుకోకు, నీ కాగితం మీదున్న తప్పునే ఒప్పుకుంటున్నాడనీ అనుకోకు, ఏ తప్పు అని అడుగు అంటాను. సన్నిబాబును ఆ ప్రశ్న శశిధర్ అడగలేదు, లాయరు అడగలేదు, రత్నం అడగలేదు, అతని ఉద్యోగం నిలబెట్టానని నలుగురికీ చెప్పుకున్న నేనూ అడగలేదు. అడిగించుకోకుండానే అతను రెండు బస్సులు మారి వచ్చి మాకు చెప్పి వెళ్ళాడు.